సదస్సు ముగిశాక ఊరు చూస్తే తప్పేమిటి?

పారిస్‌లో సదస్సుకు వెళ్లిన అధ్యాపకుడు ఈఫిల్ టవర్ ముందు ఫోటో దిగితే చాలు, ఇక్కడ స్టాఫ్‌రూములో నోళ్లకు పని దొరుకుతుంది. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టుందంటారు. పేపరు చదవడం సాకేనని, అసలు పని షికారేనని అంటారు. పదిమందీ అనేసరికి ఈ మాట నిజంగా చలామణీ అయిపోతోంది. లెక్క చూస్తే మాత్రం నిలవదు.

డబ్బు సంగతే తీసుకోండి. సైన్సు పరిశోధకులకు కేంద్రం తరఫున సెర్బ్ (సైన్స్ అండ్ ఇంజనీరింగ్ రీసెర్చ్ బోర్డ్) ఇస్తూ వచ్చిన ప్రయాణ సాయంలో ప్రధానమైనది దగ్గరి దారిలో ఎకానమీ టికెట్టు. మూడో రోజు తిరిగొచ్చినా, వారం ఉండి వచ్చినా రానుపోను టికెట్టు ఒకటే. అదనంగా ఉండే రోజులకు సెలవు పెట్టుకోవాలి. గది అద్దె, తిండి, రైలు చార్జీలు సొంత జేబులోంచే. అదే సెలవును వనస్థలిపురంలో మంచమ్మీద పడుకుని గడిపితే ఎవరికీ పట్టదు. రోమ్‌లో గడిపితే ఖజానాకు చిల్లు పడిందని గోల! పైగా సదస్సు రోజుల్లో డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న పాత శిష్యుడి ఇంట్లో దిగితే హోటల్ బిల్లు మిగిలేది పంపిన సంస్థకే. గురువుగారు పెట్టెలో మోసుకెళ్లే ఆవకాయ ఖర్చు ఎలాగూ అమ్మగారిదే.

చట్టమైనా అడ్డుపడుతుందా అంటే అదీ లేదు. అమెరికా ఇచ్చే బీ1/బీ2 వీసా ఒక్క ముద్రతోనే సదస్సుకూ, చుట్టపుచూపుకూ, ఊళ్లు చూడటానికీ సరిపోతుంది. బ్రిటన్ విజిటర్ వీసా కూడా అంతే.

సదస్సుకు వెళ్లినవాడు హాల్లోనే కూర్చోవాలనే వాదన మరీ విడ్డూరం. జర్మనీలో బ్లాక్ ఫారెస్ట్ కొండల మధ్య ఓబర్‌వోల్ఫాక్ గణిత సంస్థ ఉంది. అక్కడి వర్క్‌షాపుల్లో బుధవారం మధ్యాహ్నం నడక ఒక ఆనవాయితీ: గణితజ్ఞులందరూ అడవి దారిన సాంక్ట్ రోమన్ అనే ఊరికి పోయి కేకు తినొస్తారు. వాళ్లను సోమరులని ఎవరూ అనలేదు. మన దగ్గరికే రండి. 2010 ఆగస్టులో అంతర్జాతీయ గణిత మహాసభ హైదరాబాద్‌లో జరిగింది. వచ్చిన విదేశీయులు గోల్కొండ ఎక్కకుండా, బిరియానీ ముట్టకుండా వెళ్లిపోతే మనం నొచ్చుకునేవాళ్లమే కదా! మన ఊళ్లో వాళ్లు తిరిగితే మనకు గౌరవమా, వాళ్ల ఊళ్లో మనవాళ్లు తిరిగితే దుబారానా?

1921లో ఆక్స్‌ఫర్డ్‌లో జరిగిన విశ్వవిద్యాలయాల మహాసభకు కలకత్తా ప్రతినిధిగా వెళ్లిన సి.వి. రామన్ లండన్‌లో సెయింట్ పాల్ కెథెడ్రల్ కూడా చూశారు. గోడ దగ్గర గుసగుసలాడితే దూరాన ఉన్నవాళ్లకు వినిపించే ఆ గుమ్మటం కింద ధ్వని పరీక్షలు చేసి, వ్యాసం ప్రచురించారు. తిరుగు ప్రయాణంలో నార్కుండా ఓడ మీద నుంచి మధ్యధరా సముద్రపు నీలిరంగును నికల్ పట్టకంతో పరిశీలించారు. 1928 నాటి రామన్ ఎఫెక్ట్‌కు దారి తీసిన పరిశోధన అక్కడే అంకురించింది.

అలాగని ప్రతి షికారుకూ పరిశోధన ముసుగు తొడిగే సమర్థకులతోనూ నాకు పేచీయే. ఇరవై ఏళ్లుగా చూడని స్నేహితుణ్ణి చూడటానికి వెళ్తే దాన్ని ‘విద్యా సంబంధాల విస్తరణ’ అని నివేదికలో రాయక్కర్లేదు. చూడాలనిపించింది, సొంత ఖర్చుతో చూశాడు. అంతే.

దోపిడీ లేదనను. అది వేరే చోట ఉంది. హైదరాబాద్ కేంద్రంగా నడిచిన ఓమిక్స్ సంస్థ 5 కోట్ల డాలర్లకు పైగా కట్టాలని 2019లో అమెరికా ఫెడరల్ కోర్టు తీర్పిచ్చింది. ఒప్పుకోని పండితుల పేర్లు చూపించి సదస్సులను ప్రచారం చేసుకోవడం ఆ కేసులో బయటపడ్డ మోసాల్లో ఒకటి. అలాంటి సదస్సు నుంచి వచ్చినవాడు ఒక్క వీధి కూడా చూడకుండా నేరుగా ఇంటికొచ్చినా ప్రజాధనం వృథాయే. కాబట్టి అనుమతి ఫైలు మీద సంతకం పెట్టేవాళ్లు అడగాల్సినవి వేరు: సదస్సు ఎవరు నడుపుతున్నారు, పేపరును ఎవరు పరిశీలించి ఒప్పుకున్నారు, వెళ్లినవాడు తన వంతు వచ్చినప్పుడు హాల్లో ఉన్నాడా లేదా. లేడని తేలితే టికెట్టు డబ్బు ముక్కుపిండి వసూలు చేయండి.