పిల్లలకు పంపే అయస్కాంతం ఏది?

సెలవు మీద ఊరికి పోయేముందు పెట్టె కట్టడం గల్ఫులో మనవాళ్లకు ఒక పండుగ. పాలపొడి, సబ్బులు, సెంటు సీసాలు, దుప్పటి సర్దాక మిగిలిన జాగాలో పిల్లలకు బొమ్మలు. రిమోటు కారో, మాట్లాడే చిలకో! బ్యాటరీ అయిపోగానే వాటి పని అయిపోతుంది. ఈసారి ఆ జాగాలో అరచేతిలో పట్టేంత అయస్కాంతం ఒకటి పెట్టమని నా సలహా. పాత లౌడ్ స్పీకర్‌లోని నల్లటి చక్రమైనా చాలు, కొననే అక్కర్లేదు.

మన పెద్దలు దాన్ని సూదంటురాయి అన్నారు. పేరులోనే మొదటి ఆట ఉంది. నాలుగేళ్ల పిల్ల చేతికిచ్చి ఇల్లంతా తిరగమనండి. మేకుకు అంటుకుంటుంది. రాగి చెంబుకు, ఇత్తడి బిందెకు, అల్యూమినియం గిన్నెకు అంటదు. స్టీలు సామానంతా ఒకటే అనుకుంటాం గదా, అక్కడే తమాషా! కొన్ని పళ్లేలకు పట్టుకుంటుంది, కొన్నిటికి పట్టుకోదు. ఆ స్టీలులో నికెల్ ఎంత కలిపారన్న దాన్నిబట్టి ఆ తేడా. ఇప్పటి మన రూపాయి బిళ్ల అంటుకుంటుంది. గోదావరి ఇసుకలో అయస్కాంతాన్ని తిప్పితే నల్లటి రవ్వలు మీసాల్లా లేచి నిలబడతాయి. ముందే ప్లాస్టిక్ కవరు చుట్టకపోతే వాటిని వదిలించలేక మీ ఇంటావిడ మిమ్మల్నే తిడుతుంది.

ఏడెనిమిదేళ్లు దాటినవాళ్లయితే, పెద్దలు పక్కనుండగా, కుట్టుసూదిని అయస్కాంతం మీద ఒకే దిక్కుగా ముప్పై సార్లు రుద్ది, థర్మోకోల్ ముక్క మీద పెట్టి నీళ్లగిన్నెలో వదలొచ్చు. సూది ఉత్తర దక్షిణాలకు తిరిగి నిలుస్తుంది. పడమర ఎటో, నాన్న పనిచేసే దేశం ఎటో అప్పుడు వాళ్లే చూపిస్తారు. వీడియో కాల్‌లో "అన్నం తిన్నావా" తర్వాత ఏం మాట్లాడాలో తోచని తండ్రులకు ఇది బాగా పనికొస్తుంది. "ఈ వారం ఏవి అంటుకున్నాయి, ఏవి అంటుకోలేదు?" అని అడగండి. వాడే చెబుతాడు, ఆపడం కష్టం.

అయితే అన్ని అయస్కాంతాలూ ఒకటి కావు. మిరియం గింజంత, తళతళ మెరిసే గుండ్లు పెట్టెలకు పెట్టెలు అమ్ముతున్నారు. అవి నియోడిమియంతో చేసినవి, చాలా బలమైనవి. పసివాడు రెండు గుండ్లు మింగాడంటే పేగు ఈ మడతలో ఒకటి, ఆ మడతలో ఒకటి చేరి గోడల మీదుగా అతుక్కుంటాయి. మధ్యలో నలిగినచోట రక్తం ఆడక చిల్లు పడుతుంది. మొదట మామూలు కడుపునొప్పి, వాంతులే కనబడతాయి. అజీర్తి అనుకుని ఇంట్లోవాళ్లు వాము నీళ్లు తాగిస్తారు. అమెరికాలో వీటిమీద 2014లో నిబంధన తెస్తే 2016లో కోర్టు కొట్టేసింది, 2022లో మళ్లీ తెచ్చారు. చట్టాల సంగతి ఎలా ఉన్నా, పసిపిల్లలున్న ఇంటికి అవి వద్దనే నేనంటాను.

మింగాడని అనుమానమొచ్చినా తెల్లారేదాకా ఆగకుండా ఎక్స్‌రే ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లి, "అయస్కాంతం" అని డాక్టరుకు ముందే చెప్పాలి. ఇప్పటికే అలాంటి పెట్టె ఇంటికి పంపి ఉంటే ఈ రాత్రే ఫోన్ చేసి లెక్కపెట్టించండి. పైన 216 అని రాసి ఉంటే లోపల 216 ఉండాలి.