అడవికి అరచేతి కత్తి చాలు!

కాలేజీ కుర్రాడు ట్రెక్కింగ్‌కి బయల్దేరుతున్నాడు. స్లీపింగ్ బ్యాగు, టార్చి, రెయిన్‌కోటు, వేరుసెనగ చిక్కీలు... అన్నీ సర్దేశాడు. చివర్లో ‘ఓ కత్తి కూడా కొనుక్కోవాలి’ అన్నాడు. ‘కత్తెందుకురా, యుద్ధానికేమైనా వెళ్తున్నావా?’ అని అమ్మ కంగారు. ‘కొంటే పెద్దదే కొనుక్కో. అడవిలో ఏ జంతువో ఎదురైతే పనికొస్తుంది’ అని నాన్న సలహా.

అమ్మ భయపడేంత ప్రమాదం అందులో లేదు. నాన్న ఆశపడేంత రక్షణా లేదు. ఎలుగుబంటి ఎదురైతే ఏ కత్తీ కాపాడదు. మరి అడవిలో కత్తితో పనేంటంటారా? తాడు కోయాలి. కూరగాయలు తరగాలి. గుడారం మేకు విరిగిపోతే ఎండుపుల్లని చెక్కి కొత్తది చేసుకోవాలి. వానకి తడిసిన కట్టెని చీల్చి, లోపలి పొడిచెక్కని బయటికి తీసి నిప్పు రాజెయ్యాలి. ఎవరికైనా దెబ్బ తగిలితే గుడ్డని చింపి కట్టు కట్టాలి. ఇవన్నీ చిన్న పనులే. చలిలో, చీకట్లో, ఊరికి రెండు రోజుల నడక దూరంలో ఉన్నప్పుడు మాత్రం ఆ చిన్న పనులే ప్రాణం నిలబెడతాయి. అందుకే కత్తి ఎంపికకి కాస్త ఆలోచన కావాలి.

మంచుమనిషి చెప్పిన పాఠం

1991 సెప్టెంబరులో ఇటలీ, ఆస్ట్రియా సరిహద్దులోని ఆల్ప్స్ కొండల్లో నడుస్తున్న ఓ జంటకి మంచులో కూరుకుపోయిన శవం కనిపించింది. ఈమధ్యే చనిపోయిన పర్వతారోహకుడు కాబోలు అనుకున్నారంతా. తీరా పరీక్షిస్తే అతను దాదాపు 5,300 ఏళ్ల కిందటి మనిషి! ‘ఓట్జీ’ అని పేరుపెట్టి, ఇటలీలోని బొల్జానో మ్యూజియంలో భద్రపరిచారు.

ఓట్జీ వెంట రాగిగొడ్డలి ఉంది. విల్లంబులున్నాయి. వాటితోపాటు ఓ చిన్న చెకుముకిరాతి కత్తి కూడా ఉంది. పిడితో కలిపి దాని పొడవు దాదాపు 13 సెంటీమీటర్లే. మన పెన్ను కన్నా చిన్నది. దానికి చెట్టునారతో అల్లిన ఒర, రాతి అంచుకి మళ్లీ పదును తెచ్చుకోవడానికి కొమ్ముముక్క బిగించిన ఓ చిన్న కర్ర... అన్నీ పక్కనే ఉన్నాయి. చేతిలో ఇమిడే కత్తి, భద్రమైన ఒర, పదును పెట్టుకునే సాధనం! వేల ఏళ్ల తర్వాత ఇప్పుడు కత్తి కొనేవాళ్లు చూసుకోవాల్సిందీ ఈ మూడే.

రాంబో మాయలో పడొద్దు

1982లో వచ్చిన ‘ఫస్ట్ బ్లడ్’ సినిమాలో రాంబో చేతిలో కత్తి గుర్తుందా? మూరెడు పొడవు, వీపు మీద రంపపు పళ్లు, బోలు పిడి, అందులో సూదీ దారం. ఆ సినిమా తర్వాత అలాంటి కత్తులు ప్రపంచమంతటా దుకాణాల్లోకి వచ్చిపడ్డాయి. చూడ్డానికి వీరోచితంగా ఉంటాయిగానీ ఉల్లిపాయ తరగాలంటే మాత్రం తిప్పలే. పిడి బోలుగా ఉంటే కత్తి రేకు అందులోకి ఎక్కువ దూరం వెళ్లదు. చౌకరకాల్లో గట్టిగా నాలుగు దెబ్బలు పడితే సరిగ్గా ఆ అతుకు దగ్గరే విరుగుతుంది.

అడవి పనుల్లో పండిపోయినవాళ్లు ఎప్పుడూ చిన్న కత్తినే మెచ్చుకున్నారు. అమెరికాలో ‘నెస్‌మక్’ అనే కలంపేరుతో రాసిన జార్జి వాషింగ్టన్ సియర్స్ 1884లోనే అడవి జీవితం మీద ఓ పుస్తకం వేశాడు. చిన్న గొడ్డలి, పల్చటి ఒరకత్తి, జేబుచాకు... ఈ మూడుంటే చాలన్నది ఆయన లెక్క. కెనడా మంచు అడవుల్లో కొన్ని తరాలకి బతుకు నేర్పించి, 2019లో కన్నుమూసిన మార్స్ కొచాన్‌స్కీ చెప్పిన కొలత ఇంకా తేలిక. సున్నితమైన చెక్కుడు పనికి కత్తి రేకు మన అరచెయ్యి వెడల్పంత ఉంటే చాలట!

సెంటీమీటర్లలో చెప్పుకోవాలంటే రేకు పొడవు 9 నుంచి 12, మందం రెండున్నర నుంచి 4 మిల్లీమీటర్లు. అంతకన్నా మందమైతే కత్తి కాస్తా ఉలి అయిపోతుంది. కట్టె చీలుతుంది కానీ టమాటా నలిగిపోతుంది. పొడవు పెరిగేకొద్దీ మొన చేతికి దూరమై పట్టు తప్పుతుంది. పైగా బరువు. వీపు మీద పన్నెండు కిలోలు మోస్తూ కొండెక్కేవాళ్లకి ప్రతి వంద గ్రాములూ లెక్కే.

మడత చాకు ఎందుకొద్దు?

జేబులో పట్టే మడత చాకు ఊళ్లో భేషుగ్గా పనికొస్తుంది. కాకపోతే దానికి కీలు ఉంటుంది. బలం అంతా పడేది అక్కడే. ఇసుకా బురదా ఇరుక్కునేదీ అక్కడే. గట్టిగా నొక్కుతున్నప్పుడు తాళం జారి మడత పడిందంటే వేళ్లకి ప్రమాదం. మడవని కత్తికి ఆ బాధ లేదు. కడగడం తేలిక. చలికి కొంకర్లు పోయిన చేత్తో కూడా ఒరలోంచి ఇట్టే లాగొచ్చు.

ఇక్కడ చూడాల్సింది, రేకు పిడిలోపలికి ఎంతవరకు వెళ్లిందని. పిడి చివరిదాకా, పిడి అంత వెడల్పుతో ఒకే ఉక్కుముక్క ఉంటే దాన్ని ఫుల్‌ట్యాంగ్ అంటారు. కత్తి వెన్ను మీద కర్రతో కొడుతూ కట్టెలు చీల్చేవాళ్లకి అది మేలు. సన్నటి తోకలా లోపలికి వెళ్లే రకం తేలిగ్గా ఉంటుంది. చలిదేశాల్లో ఇనుము చేతికి తగలకుండానూ ఉంటుంది. స్వీడన్‌లోని మోరా పట్టణం కత్తులు చాలావరకు ఈ రెండో రకమే. అక్కడ 1891 నుంచీ ఫ్యాక్టరీలు కత్తులు తయారుచేస్తున్నాయి. వడ్రంగులూ రైతులూ వాడుకునే ఆ మామూలు కత్తే, తక్కువ ధర వల్ల, పదును వల్ల ప్రపంచమంతటా అడవిబాట పట్టేవాళ్లకి తొలి కత్తి అయింది. అంటే మంచి కత్తి ఖరీదైనదే కానక్కర్లేదన్నమాట.

ఉక్కులో ఉంది కిటుకు

దుకాణంలో అడిగే మొదటి ప్రశ్న... కార్బన్ స్టీలా, స్టెయిన్‌లెస్సా? కార్బన్ ఉక్కు త్వరగా పదునెక్కుతుంది. చెకుముకిరాయితో కొడితే నిప్పురవ్వలు రాలుతాయి. కానీ తడి తగిలితే చాలు, తుప్పు పట్టేస్తుంది. నిమ్మకాయ కోసి తుడవకుండా వదిలేస్తే నల్లమచ్చలు పడతాయి. స్టెయిన్‌లెస్‌లో కనీసం పదిన్నర శాతం క్రోమియం ఉంటుంది. అది ఉక్కు మీద కంటికి కనపడని పొరలా ఏర్పడి తుప్పుని అడ్డుకుంటుంది. అలాగని అసలే పట్టదని కాదు, ఉప్పునీళ్లలో వదిలేస్తే దానికీ మచ్చలు తప్పవు.

వానాకాలం అడవులకీ సముద్రతీరానికీ వెళ్లేవాళ్లకి, తుడవడం మర్చిపోయేవాళ్లకి స్టెయిన్‌లెస్ నయం. కత్తిని రోజూ తుడిచి, ఓ చుక్క కొబ్బరినూనె రాసే ఓపిక ఉంటే కార్బన్ ఉక్కు తీసుకోవచ్చు.

అన్నట్టు, కార్బన్ ఉక్కు సంగతి తెలుగువాళ్లకి కొత్తేం కాదు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో కమ్మర్లు మూసల్లో కాచి తీసిన ఉక్కు కోసం పూర్వం పర్షియా వర్తకులు వెతుక్కుంటూ వచ్చేవారు. ప్రపంచం ‘వూట్జ్’ అని పిలిచే ఆ లోహం పేరు మన ‘ఉక్కు’ అన్న మాటలోంచి పుట్టిందే.

అంచు, పిడి, ఒర

అంచు సంగతికొస్తే... మోరా కత్తుల్లో పదునుకోసం చెక్కిన ఏటవాలు వెడల్పుగా ఉంటుంది. దాన్ని అలాగే సానరాతి మీద ఆనించి రుద్దితే చాలు, కోణం దానంతటదే కుదురుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకి, చెక్క చెక్కడానికి ఇది అనువు. వెన్ను నుంచి అంచుదాకా పల్చబడుతూ వచ్చే రకం కూరగాయలకీ వంటకీ బాగుంటుంది. రంపపు పళ్లున్న అంచుని మాత్రం అడవిలో పదును పెట్టుకోలేం. కత్తి వెన్ను నున్నగా గుండ్రంగా కాకుండా పలకలా ఉంటే నిప్పు పుట్టించే ఫెర్రోరాడ్‌ని దాంతోనే గీయొచ్చు. అంచు అరగదు.

పిడి చేతినిండా ఇమడాలి. పొడిచేత్తో పట్టుకుని మురిసిపోకండి. చేతిని నీళ్లలో ముంచి పట్టుకుని చూడండి. జారుతుందా? అయితే వద్దు. వేళ్లు అంచు మీదకి జారకుండా ముందు చిన్న ఆపు ఉంటే పిల్లలకి మంచిది.

ఒరని చాలామంది పట్టించుకోరు. కత్తిని ఒరలో పెట్టి తలకిందులు చేసి ఊపండి. ఊడి పడకూడదు. మొన ఒరని చీల్చుకుని బయటికి రాకూడదు. తోలు ఒర అందమే కానీ చెమ్మ పీలుస్తుంది. ఇంటికొచ్చాక కత్తిని అందులోనే ఉంచేస్తే తుప్పు ఖాయం. అడుగున నీరుకారే రంధ్రం ఉన్న ప్లాస్టిక్ ఒర వానకి నయం.

మొద్దుకత్తే ముప్పు

పదునైన కత్తి అంటే భయపడతాం కానీ చెయ్యి ఎక్కువగా తెగేది మొద్దుకత్తితోనే. అది తెగదు కాబట్టి బలంగా నొక్కుతాం. నొక్కితే జారుతుంది. కత్తిపీట వాడే అమ్మలందరికీ ఈ సంగతి తెలుసు.

అమెరికాలో యూటా రాష్ట్రానికి చెందిన బ్లూజాన్ లోయలో 2003 ఏప్రిల్ 26న ఆరన్ రాల్‌స్టన్ అనే 27 ఏళ్ల యువకుడి కుడిచెయ్యి జారిపడిన బండకింద ఇరుక్కుపోయింది. దగ్గరున్నది ఓ చౌకరకం మల్టీటూల్. బండని చెక్కబోతే దాని కత్తి మరింత మొద్దుబారింది. ఐదు రోజుల తర్వాత ఆ మొద్దుకత్తితోనే తన చేతిని తానే కోసుకుని బయటపడ్డాడు. ఏఆర్ రెహమాన్ సంగీతం అందించిన ‘127 అవర్స్’ ఆయన కథే. అయితే అసలు లోపం కత్తిలో లేదు. ఎక్కడికి వెళ్తున్నాడో ఎవరికీ చెప్పకుండా ఒంటరిగా వెళ్లాడు. చెప్పి వెళ్లి ఉంటే వెతికేవాళ్లు ముందే బయల్దేరేవారు. ఏ దారిన వెళ్తున్నారో, ఎప్పుడు తిరిగొస్తారో ఓ కాగితం మీద రాసి ఇంట్లో ఇచ్చి వెళ్లడం ఏ కత్తికన్నా ఎక్కువ పని చేస్తుంది.

ఇవి గుర్తుంచుకోండి

* కత్తి ఎప్పుడూ ఒంటికి దూరంగా కదలాలి. ఒళ్లో పెట్టుకుని, తొడల మధ్య చెక్కొద్దు. తొడ లోపలివైపు పెద్ద ధమని ఉంటుంది. అది తెగితే నిమిషాల్లో ప్రాణం మీదికొస్తుంది. ముంజేతులు మోకాళ్ల మీద ఆనించి ముందుకి చెక్కండి.

* చెయ్యి చాపి చుట్టూ తిరిగితే వచ్చే వలయంలో ఎవరూ ఉండకూడదు.

* పక్కవాళ్లకి కత్తిని చేతికివ్వొద్దు. కిందపెట్టండి, వాళ్లు తీసుకుంటారు. పని అయిపోగానే ఒరలో పెట్టెయ్యాలి.

* బ్యాగులో ఓ చిన్న సానరాయి, కట్టు గుడ్డ తప్పనిసరి.

* పచ్చిచెట్టు మీద కత్తి పెట్టొద్దు. రాలిన కొమ్మ చాలు.

చట్టం ఏమంటుంది?

ఇది అన్నిటికన్నా ముఖ్యం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఆయుధాల జాబితాలో కత్తి కూడా ఉంది. అభయారణ్యాలూ జాతీయ పార్కుల్లోకి ముందుగా రాతపూర్వక అనుమతి లేకుండా ఆయుధంతో అడుగుపెట్టకూడదు. నల్లమల అయినా, పాపికొండలైనా అదే నియమం. కాబట్టి వెళ్లేముందు అటవీశాఖ వాళ్లని అడగండి. వద్దంటే ఇంట్లోనే వదిలెయ్యండి. ఇక, ఇంటిపనికీ సేద్యానికీ పరిశ్రమలకీ కాకుండా తయారైన కత్తుల్లో రేకు 9 అంగుళాలకన్నా పొడవున్నా, 2 అంగుళాలకన్నా వెడల్పున్నా ఆయుధాల నిబంధనల కిందికి వస్తాయి. విమానంలో అయితే కత్తిని చేతిసంచిలో పెట్టనివ్వరు. ఒరతో సహా చుట్టి, కౌంటర్లో అప్పగించే లగేజీలో పెట్టాలి.

గైడూ వంటవాళ్లూ వెంట ఉండే హిమాలయ ట్రెక్కులకైతే అసలు ఇంత ఆలోచన అక్కర్లేదు. అక్కడ వంటింటి చిన్న చాకు, ఓ అట్టముక్క ఒర ఉన్నా సరిపోతుంది. సొంతంగా గుడారం వేసుకుని, సొంతంగా పొయ్యి రాజేసుకునేవాళ్లకే మంచి కత్తి అవసరం.

కొన్నాక నేరుగా అడవికి పరుగెత్తకండి. ఓ నెలపాటు ఇంట్లోనే వాడండి. కొబ్బరిపీచు కోయండి, ఎండుకొమ్మతో ఓ గరిటె చెక్కండి, ఆదివారం సానబెట్టి తుడిచి నూనె రాయండి. ఆ పనులు చేతికి అలవాటయ్యాక, అడవిలో వానపడే రాత్రి చీకట్లోనైనా కత్తి మీరు చెప్పినట్టు వింటుంది.