కోటలో పోసినను సుర సురయే

అమెరికాలోని నాపా లోయలో, కాలిస్టోగా పట్టణసమీపమున, కాస్టెల్లో ది అమోరోసా అను ద్రాక్షామద్యశాల కలదు. 13వ శతాబ్దపు ఇటలీ దుర్గమును అనుకరించి, 107 గదులతో, అగడ్తతో నిర్మితమై, 2007లో సందర్శకులకు ద్వారములు తెరచినది. అచ్చటికి విహారయాత్ర సలిపి మద్యమును రుచి చూచుట ప్రవాస తెలుగువారిలో కొందరికి నేడు సంస్కారచిహ్నమైనది.

“ఇది పానము కాదు, సంస్కృతీ ఆస్వాదనము” అని వారి వాదము. అట్లయిన మొగుళ్లపల్లి తాటివనమున గౌడు లొట్టితో దించిన కల్లు ఏల నింద్యమైనది? ఇచ్చట ముక్కు మూసికొనువారే అచ్చట గాజుపాత్ర నెత్తి పరిమళమును శ్లాఘించుట వివేకమా?

ఉపాధి మారినంత మాత్రమున వస్తువు మారదని వేదాంతసిద్ధాంతము. ఘటము మట్టిదైనను బంగారుదైనను అందలి ఆకాశ మొక్కటే. పాత్ర లొట్టియైనను స్ఫటికమైనను అందలి మద మొక్కటే. మనుస్మృతి సురాపానమును మహాపాతకములలో లెక్కించినది. కోటగోడల నడుమ త్రాగువారికి మినహాయింపు నీయలేదు.

ప్రాచీనవైభవమే కోరినచో, మొగుళ్లపల్లి యున్న భూపాలపల్లి జిల్లాలోనే గణపురము కోటగుళ్లున్నవి. అనుకరణము కాదు, కాకతీయులు నిర్మించిన శివాలయము, శిథిలావస్థలో భక్తునికై వేచియున్నది. శివతీర్థము మత్తును కలిగింపదు. ఉన్న మత్తును దింపును.