కూతురి వాటా ఎక్కడ ఆగిపోయింది?

కదిరికీ గోరంట్లకూ నడుమ ఉన్న మా ఓబులదేవరచెరువు ప్రాంతంలో కాన్పు జరిగిన ఇంటికి వెళ్లేవారు మొదట అడిగేది తల్లి క్షేమం కాదు. "మగబిడ్డా, ఆడబిడ్డా?" అని అడుగుతారు. మగబిడ్డ అంటే మిఠాయి ఏదీ అంటారు. ఆడబిడ్డ అంటే ఒక క్షణం మౌనం. ఆ తరువాత ఎవరో ఒక పెద్దావిడ, "పోనీలేమ్మా, అల్లా మళ్లీ ఇస్తాడు" అని ఓదారుస్తుంది. నష్టమేదీ జరగని చోట ఈ ఓదార్పు దేనికి? ఈ ప్రాంతపు తల్లులుగా మేమంతా ఆ ఓదార్పు మాటలు విన్నవాళ్లమే. దాచకుండా చెప్పాలంటే, మరొక తల్లితో అన్నవాళ్లం కూడా మేమే. కనుక ఈ నాలుగు మాటలు ఎవరినో వేలెత్తి చూపడానికి రాస్తున్నవి కావు. మమ్మల్ని మేము ప్రశ్నించుకుంటూ, మా పెద్దలను, మా జమాత్‌ను కూడా ప్రశ్నిస్తున్నాము.

ఈ మౌనానికి ధర్మంలో చోటు లేదని మనకందరికీ తెలుసు. కూతురు పుట్టిందన్న వార్త వినగానే ముఖం నల్లబరచుకునే తండ్రిని దివ్య ఖుర్ఆన్‌లోని నహ్ల్ సూరా తీవ్రంగా నిరసించింది. సజీవంగా పాతిపెట్టిన పసిపాపను ఏ పాపానికి చంపారని ప్రళయదినాన విచారణ జరుగుతుందని తక్వీర్ సూరా హెచ్చరించింది. దైవప్రవక్త (సఅసం) కుమారులు పసితనంలోనే మరణించారు. వంశం లేనివాడని శత్రువులు ఎగతాళి చేశారు. ఆయన వంశం నిలిచింది కుమార్తె ఫాతిమా (రజి) ద్వారానే. ఈ విషయాలు ప్రతి సంవత్సరం వేదికల మీద వింటున్నాము. విని ఇంటికి వచ్చి, మగపిల్లాడి కంచంలో ముందుగా గుడ్డు వేస్తున్నాము.

మన సమాజంలో భ్రూణహత్యలు తక్కువని కొందరు గర్వంగా చెప్పుకుంటారు. లెక్కలు చూస్తే అందులో కొంత నిజముంది. ఆరేళ్లలోపు వెయ్యి మంది మగపిల్లలకు దేశం మొత్తం మీద ఆడపిల్లలు 2001లో 927 మంది ఉండగా, ముస్లింలలో 950 మంది ఉన్నారు. అయితే 2011 నాటికి మన సంఖ్య 943కు తగ్గింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అన్ని మతాలవారినీ కలిపి చూస్తే అదే పదేళ్లలో 961 నుంచి 939కి పడిపోయింది. కడుపులోని బిడ్డ ఆడో మగో చెప్పడాన్ని 1994 నాటి చట్టం నిషేధించింది. చెప్పినవారికి మూడేళ్ల వరకు జైలుశిక్ష ఉన్నది. అయినా ఈ తగ్గుదల ఆగలేదు. పక్కవారికంటే మేలన్న తృప్తితో కూర్చుంటే మనమూ అదే దారిన పోతాము.

మరి తల్లి కొడుకునే ఎందుకు కోరుకుంటుంది? ఆమె హృదయం రాయి అయినందువల్ల కాదు. ఇది వాన మీద, వేరుశెనగ మీద బతికే సీమ. వాన తప్పిన ఏడు అప్పు మిగులుతుంది. అటువంటి చోట ఆమె పుట్టింటి నుంచి ఒక సెంటు భూమి తెచ్చుకోలేదు. మెట్టినింట్లో పాసుపుస్తకం మీద ఆమె పేరు లేదు. మెహర్ నిఖా నాడు కాగితం మీద రాసినదే, చేతికి వచ్చినది కాదు. భర్త కన్నుమూస్తే ఆమెకు మిగిలే ఆసరా కొడుకు ఒక్కడే. కూతురు ఎంత ప్రేమ గలదైనా, ఆమె కూడా తల్లివలెనే ఏమీ లేనిదిగా మరొక ఇంటికి పోతుంది. కనుక కొడుకు కోసం దువా చేసే తల్లి నిజానికి తన ముసలితనానికి ఒక దిక్కు కోసం దువా చేస్తున్నది. బిడ్డ ఆడో మగో నిర్ణయమయ్యేది తండ్రి బీజం వల్లనేనని వైద్యశాస్త్రం తేల్చి చెప్పినా, నింద మాత్రం ఆమె మీదనే పడుతున్నది.

కూతురు ఏమీ సంపాదించదన్నది కూడా నిజం కాదు. కదిరి, రాయచోటి ప్రాంతాల నుంచి ఎందరు ఆడబిడ్డలు కువైట్‌కు ఇంటిపనికి పోయారో ప్రతి వీధికీ తెలుసు. పరాయి దేశంలో, పరాయి వంటింట్లో ఏళ్ల తరబడి కష్టపడి వారు పంపిన డబ్బుతో ఇక్కడ మిద్దెలు లేచాయి, చెల్లెళ్ల పెళ్లిళ్లు జరిగాయి, తమ్ముళ్లకు ఆటోలు వచ్చాయి. ఆ మిద్దె పట్టా ఎవరి పేరున ఉన్నదని అడిగితే చాలా ఇళ్లలో వచ్చే జవాబు ఒకటే: అన్నదమ్ముల పేరున. ఇల్లు కట్టినది కూతురైనా, ఇంటికి వారసుడు కొడుకే.

అసలు విషయం ఇక్కడే ఉన్నది. కూతురికి వాటా ఇవ్వడం ఎవరో దయతో చేసే మేలు కాదు, నిసా సూరా నిర్ణయించిన విధి. లెక్క కూడా కష్టమైనది కాదు. ఒక రైతు ఎనిమిది ఎకరాలు విడిచి మరణించాడనుకుందాం. అతనికి భార్య, ఇద్దరు కొడుకులు, ముగ్గురు కూతుళ్లు ఉన్నారు. తల్లిదండ్రులు లేరు, అప్పులు లేవు. భార్యకు ఎనిమిదో వంతు, అనగా ఒక ఎకరం. మిగిలిన ఏడింటిలో కొడుకులకు రెండేసి, కూతుళ్లకు ఒక్కొక్క ఎకరం. ఈ పంపకానికి వకీలు కూడా అక్కరలేదు.

చట్టం అడ్డమున్నదా? 1937 నాటి షరీఅత్ చట్టం వ్యవసాయ భూమిని మినహాయించిన మాట నిజం. కానీ 1949లో మద్రాసు ప్రభుత్వం సవరణ చేసి ఆ మినహాయింపును తొలగించింది. నాడు మన అనంతపురం జిల్లా మద్రాసులో భాగమే. అనగా, మన పొలాల మీద ఆడబిడ్డ హక్కును చట్టం అంగీకరించి డెబ్బై ఏళ్లు దాటింది. పర్సనల్ లా జోలికి ఎవరైనా వస్తే మనం వీధికెక్కి సభలు పెడతాము. పెట్టవలసిందే. కానీ అదే పర్సనల్ లా కూతురికి ఇచ్చిన ఎకరాన్ని మనమే ఇవ్వకుండా, దాన్ని కాపాడుతున్నామని ఏ నోటితో చెప్పగలము?

"కట్నం ఇచ్చాము కదా" అన్నది అందరి వద్దా ఉన్న జవాబు. కట్నం పోయినది అల్లుడి చేతికి, కూతురి చేతికి కాదు. పైగా ధర్మం వరుడి చేత మెహర్ ఇప్పించింది గాని వధువు తండ్రి చేత కట్నం ఇప్పించలేదు. "వాటా అడిగితే పుట్టిల్లు ఉండదు" అన్నది రెండో మాట. ఈ భయం వల్లనే ఆడబిడ్డలు కళ్లు తుడుచుకుంటూ అన్నదమ్ములకు సంతకాలు పెట్టి వస్తున్నారు. ఒక ఎకరం అడిగినంత మాత్రాన తెగిపోయే బంధాన్ని నిలబెట్టే బాధ్యత చెల్లెలి మీదనే ఎందుకుండాలి?

ప్రభుత్వాల వంతు కూడా చెప్పుకోవాలి. 2007లో వచ్చిన బీసీ-ఇ రిజర్వేషన్ మన ఆడపిల్లలకు కూడా కాలేజీ తలుపులు తెరిచింది. 2022లో కేంద్రం మైనారిటీ ప్రీమెట్రిక్ స్కాలర్‌షిప్పును 9, 10 తరగతులకే పరిమితం చేసింది. చేతిలో డబ్బు తగ్గినప్పుడు బడి ముందుగా మాన్పించేది ఆడపిల్లనే. కనుక ఆ స్కాలర్‌షిప్పు కోసం పోరాడటం కూతుళ్ల కోసం పోరాడటమే. కానీ ప్రభుత్వాన్ని నిలదీసే గొంతుకు బలం రావాలంటే మన ఇల్లు మొదట సరిగా ఉండాలి.

మేము కోరేవి పెద్ద సంగతులు కావు. ఖతీబులు ఏడాదికి ఒక జుమా నాడైనా వారసత్వపు లెక్కను పై ఉదాహరణ వలె ఎకరాలలో వివరించాలి. ఎవరైనా మరణిస్తే పరామర్శకు వచ్చే పెద్దలు తిరిగి వెళ్లేలోగా ఆస్తి పంపకానికి ఒక తేదీ పెట్టాలి. తహసీల్దారు కార్యాలయంలో తీసుకునే కుటుంబ సభ్యుల ధ్రువపత్రంలో కూతుళ్ల పేర్లన్నీ ఉన్నాయో లేదో జమాత్ కమిటీ చూడాలి. పేరు ఒకసారి తప్పిపోతే తరువాత పాసుపుస్తకంలోకి ఎక్కించడం ఎంత కష్టమో మాకు తెలుసు. ఇక తండ్రులు బతికుండగా హిబా చేయదలిస్తే పిల్లలందరికీ చేయాలి. ఒక్క కొడుకుకే కానుక ఇచ్చిన తండ్రికి సాక్షిగా నిలవడానికి ప్రవక్త (సఅసం) నిరాకరించారని మరువరాదు.

తల్లులకు మేము చెప్పేది వేరు. మనకు దక్కలేదు గనుక కూతురికీ దక్కనక్కరలేదని అనుకోవద్దు. తల్లిదండ్రుల పోషణకై 2007లో వచ్చిన చట్టం ఆ బాధ్యతను కొడుకు మీదా కూతురి మీదా ఒకే విధంగా పెట్టింది. చేతిలో చదువు, పేరున ఒక ఎకరం ఉన్న కూతురు రేపు మన ముసలితనంలో మన మంచం పక్కన నిలబడగలదు. ఏమీ ఇవ్వకుండా పంపి, అక్కరకు రాలేదని అనడం న్యాయం కాదు.

ఈసారి కాన్పు జరిగిన ఇంటికి వెళ్లినప్పుడు తల్లీబిడ్డా క్షేమమా అని అడుగుదాం. ఆడబిడ్డ అని చెబితే మిఠాయి అడుగుదాం. ఆ బిడ్డ పెరిగి తన వాటా అడిగిన నాడు, ఈ మిఠాయి తిన్నవాళ్లమే ఆమెకు సాక్షులుగా నిలబడదాం.