సీటీ అనగానే భయపడాలా?

మొన్న సంక్రాంతికి ముందు ఒక పొద్దున మా అత్తయ్యగారికి మాట ముద్దగా వచ్చింది. కుడిచెయ్యి లేవలేదు. ఆసుపత్రికి వెళ్ళగానే తలకి సీటీ తియ్యాలన్నారు. మా ఆడపడుచు ఫోన్లోనే అడ్డుపడింది, "వద్దు వదినా, రేడియేషన్ అట, ఎమ్మారై దొరికేదాకా ఆగండి" అని. మావారు కాగితం మీద సంతకం పెట్టకుండా నా మొహంలోకి చూశారు. నిజం చెప్పొద్దూ, నేనూ తటపటాయించాను.

అలా తటపటాయించడం ఎంత తప్పో తర్వాత తెలిసింది. పక్షవాతం రక్తనాళంలో గడ్డ అడ్డుపడైనా వస్తుంది, నాళం చిట్లైనా వస్తుంది. పైకి చూస్తే తేడా తెలీదు. గడ్డ కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లోపు పడాలి. చిట్లినవాళ్ళకి అదే ఇస్తే ప్రాణం మీదికొస్తుంది. ఏదో తేల్చేది నిమిషాల్లో అయిపోయే ఆ సీటీయే. అందులో పడే రేడియేషన్ సుమారు 2 మిల్లీసీవర్టులు. ఇంట్లో కూర్చున్నా నేల నుంచీ ఆకాశం నుంచీ తిండి నుంచీ ఏడాదికి మన ఒంట్లోకి దాదాపు అంతే చేరుతుంది. డెబ్బై దాటిన మనిషికి ఈ లెక్క చూసి ఆలస్యం చేస్తామా?

అలాగని అంతా ఉత్త భయమే అననండి. లాస్ ఏంజెలిస్‌లో సీడార్స్ సైనాయ్ అని పేరున్న ఆసుపత్రి. అక్కడ మెదడులో రక్తప్రసారం చూసే సీటీలో రెండు వందలకి పైగా రోగులకి ఉండాల్సినదానికి ఎనిమిది రెట్లు రేడియేషన్ పడింది. పద్దెనిమిది నెలలు ఎవరూ గమనించలేదు. 2009లో ఒక రోగి జుట్టు కుచ్చులుగా ఊడిపోతోందని చెప్తే బయటపడింది. మిషను సెట్టింగు మార్చి, మోతాదు సరిచూసుకోలేదు! ఆ తర్వాతే కాలిఫోర్నియాలో మోతాదు రిపోర్టులో రాయాలని చట్టం చేశారు. మన రిపోర్టుల్లోనూ ఆ అంకె ఉండాలని అడగడం తప్పా?

నా గొడవ మొదటి సీటీతో కాదు. ఇంజెక్షన్ ఇచ్చాక మర్నాడు తీసేదీ అవసరమే, రక్తస్రావం లేదని చూసుకోవాలి కదా. మూడోరోజు వేరే ఆసుపత్రికి మారితే "మా దగ్గర మళ్ళీ తియ్యాలి" అన్నారే, అదీ నా బాధ. సీడీ చేతిలో పెట్టి, "ఇప్పుడు తీస్తే వైద్యం ఏమైనా మారుతుందా డాక్టరుగారూ?" అని అడిగాను. ఆ కుర్ర డాక్టరు సీడీ పెట్టి చూసి, అక్కర్లేదన్నాడు.

ఆ సీడీ ఇప్పుడు బీరువాలో రేషన్ కార్డు పక్కనే ఉంది. అత్తయ్యగారు ఎడంచేత్తో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నారు. ఆడపడుచు మాత్రం ఇంకా ఎమ్మారై అంటూనే ఉంది.