కౌబాయ్ గారి గడ్డివాము

కౌబాయ్ అనగానే మనకు 1971 నాటి 'మోసగాళ్ళకు మోసగాడు' గుర్తుకు వస్తుంది. టోపీ, గుర్రం, తుపాకి. పేరులోనే ఉన్న ఆవును మాత్రం ఆ ఊహలో వెదుక్కోవలసిందే! మోంటానా, వయోమింగ్, డకోటాల కుటుంబ ర్యాంచ్‌ల గురించి చదివిన కొద్దీ నాకు తోచినది వేరు. అది గుర్రపు వీరుల కథ కాదు, చలికాలానికి గడ్డి దాచుకునే సంసారుల కథ.

ఒకప్పుడు అక్కడ గడ్డి దాచే అలవాటు తక్కువ. మందలను కంచె లేని బయళ్ళలో ఏడాది పొడవునా వదిలేసేవారు. 1886 వేసవిలో వానలు లేక బయళ్ళు ఎండాయి. ఆ పైన వచ్చిన 1886–87 చలికాలంలో మంచు గడ్డకట్టి మేత అందక లక్షల పశువులు నిలువునా చచ్చిపోయాయి. తరువాత దేశాధ్యక్షుడైన థియొడోర్ రూజ్వెల్ట్ మందలో కూడా చాలాభాగం అప్పుడే పోయింది. కంచెలూ, గడ్డివాములూ ర్యాంచ్ జీవితానికి ఆధారమైనది ఆ దెబ్బ తరువాతే.

ఆవు చూలు సుమారు 283 రోజులు. జూన్‌లో ఆంబోతులను మందలోకి వదిలితే మార్చి చివరి నుంచి ఈతలు మొదలవుతాయి. తొలిచూలు పెయ్యలను రాత్రంతా రెండు మూడు గంటలకొకసారి చూసి రావాలి. మంచులో పడిన దూడకు చెవులు గడ్డకడతాయి. దానిని వంటింట్లోకో, బండి హీటరు పక్కకో తెచ్చి, తుడిచి, తొలి గంటల్లోనే జున్నుపాలు పట్టాలి. (టెక్సాస్ ఎండకు తట్టుకునే బ్రాహ్మన్ జాతిలో మన ఒంగోలు రక్తం ఉంది కానీ, ఈ ఉత్తరాది చలికి ఆంగస్, హియర్‌ఫర్డ్‌లే నిలుస్తాయి.) మే నెలలో ముద్రలు వేయడం, టీకాలు, విత్తులు కొట్టడం. ఇరుగు పొరుగు వచ్చి చేసిపెడతారు. కూలి లేదు, భోజనం ఉంది. మన పల్లెల్లో నాట్లప్పటి బదులు పని వంటిదే. వేసవికి మంద కొండ మేతకు వెళ్ళిపోతే, ఇంటిల్లిపాదీ జులై, ఆగస్టుల్లో గడ్డి కోసి, ఎండబెట్టి, మోపులు కడతారు.

అక్టోబరులో దూడలను తల్లుల నుంచి వేరుచేస్తారు. రెండు మూడు రాత్రులు కంచెకు ఇవతల తల్లులూ, అవతల దూడలూ అరుస్తూనే ఉంటాయి. ఆ తరువాత లారీలు వస్తాయి. ఏడాది రాబడి దాదాపు అంతా ఆ ఒక్క అమ్మకంలోనే.

నిద్ర మాని బతికించిన దూడను లారీ ఎక్కించడం కపటం కాదా అని మనవాళ్ళు అడుగుతారు. కాదనే నా అభిప్రాయం. కనీసం ఆ మాట అనే అర్హత మనకు లేదు. పాడి ఇళ్ళలో గేదెకు దున్నదూడ పుడితే దానికి వదిలే పాలెన్ని? అది ఎన్నాళ్ళు బతుకుతుంది? ట్రాక్టరు వచ్చిన ఇంట్లో ఎడ్లు ఎక్కడికి పోయాయి? సంతలో పలుపు చేతులు మారాక ఆ దారి వైపు చూడకపోవడాన్నే మనం దయ అనుకుంటున్నాం. ర్యాంచ్ కుటుంబం దూడ పోయే చోటు తెలిసే పెంచుతుంది, ఉన్నన్నాళ్ళూ చలికీ ఆకలికీ వదలదు. ఈ రెంటిలో నాకు రెండవదే నిజాయితీగా కనిపిస్తుంది.

నాకు కష్టం కలిగించేది మరొకటి. ఇంత చాకిరీ చేసిన కుటుంబానికి ధర మీద అధికారం లేదు. దాణాతో బలిపించిన పశువుల్లో సుమారు 85 శాతాన్ని కొనేవి నాలుగు పెద్ద సంస్థలే. కరవు వచ్చి గడ్డి చాలకపోతే చూలు ఆవులనూ అమ్ముకోవాలి. 2025 జనవరి 1 నాటికి అమెరికాలో పశువులు 8.67 కోట్లు, 1951 తరువాత అంత తక్కువ ఎన్నడూ లేదు. ధరలు పెరిగాయి, నిజమే. మందను సగం చేసుకున్నవాడు ఆ ధరకు అమ్మేది ఏమిటి? తిరిగి పెంచుదామంటే, ఈ ఏడాది అట్టేపెట్టుకున్న పెయ్యదూడ రెండేళ్ళకు గానీ ఈనదు. ఆ రెండేళ్ళూ దానికి చలికాలపు గడ్డి కావాలి, కోయడానికి ఇంట్లో ఒక పిల్లవాడైనా మిగలాలి.