గుండె లయ తప్పినపుడు

గుండెదడను 'గాబరా' అని కొట్టిపారేయడం మన ఇళ్ళలో పరిపాటి. నాడి వరుస లేకుండా కొట్టుకొంటుంటే మాత్రం ఈసీజీ తీయించక తప్పదు. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనే వ్యాధిలో గుండె పైగదులైన కర్ణికలు ముడుచుకోవడం మాని వణుకుతూ ఉంటాయి. అక్కడ రక్తం నిలిచి గడ్డకట్టి మెదడుకు చేరితే పక్షవాతమే. ఈ ముప్పు ఇతరులకన్నా వీరికి సుమారు ఐదు రెట్లు అధికం.

మందులకు లొంగనపుడు తొడ రక్తనాళం గుండా తీగ పంపి చేసే అబ్లేషన్ ఉన్నది. అసలు శస్త్రచికిత్స అంతకన్నా వేరు. అమెరికా సర్జన్ జేమ్స్ కాక్స్ 1987లో తొలిసారి చేసిన దీనికి 'మేజ్' అని పేరు, అంటే చిక్కుదారి. కర్ణికల గోడలను కోసి తిరిగి కుట్టేవారు. మానిన మచ్చ విద్యుత్తును దాటనివ్వదు గనుక సుళ్ళు తిరిగే సంకేతాలకు ఒకే బాట మిగులుతుంది. నేడు కత్తిగాట్లకు బదులు చాలావరకు వేడితోనో, అతిశీతలంతోనో ఆ గీతలు గీస్తున్నారు. లయను నిలపడంలో దీనికి మంచి పేరున్నది. కాని ఛాతీ ఎముక కోసి, గుండెను ఆపి, యంత్రంపై రక్తం నడపడం సామాన్యం కాదు. కొందరికి ఆపైన పేస్‌మేకర్ కూడా అవసరమౌతుంది. కేవలం ఈ ఒక్క వ్యాధికే ఇంతకు సిద్ధపడటం చివరి మెట్టని మేము భావిస్తాము.

మన దేశంలో లెక్క కొంత వేరు. బాల్యంలో వచ్చిన కీళ్ళవాత జ్వరం మిట్రల్ వాల్వును చెడగొట్టగా, ఆపైన లయ తప్పినవారు ఇక్కడ ఎందరో ఉన్నారు. వాల్వు కోసం ఎలాగూ ఛాతీ తెరుస్తారు. అప్పుడే మేజ్ కూడా చేయవచ్చునా, ఎడమ కర్ణికకు చెవిలా వ్రేలాడే చిన్న సంచిని మూయవచ్చునా అని ఇంటివారు ఆపరేషనుకు ముందే అడగాలి. సంతకాలు పెట్టే వేళ ఈ మాట ఎవరికీ గుర్తురాదు. వాల్వు జబ్బు లేనివారిలో గడ్డలు అత్యధికంగా ఏర్పడేది ఆ సంచిలోనే. వేరే గుండె ఆపరేషనుతోపాటు దానిని మూసినవారిలో పక్షవాతం, ఇతర అవయవాలకు గడ్డలు చేరడం దాదాపు మూడోవంతు తగ్గినట్లు 2021లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం చూపింది.

ఆపరేషనులో వాడే హెపారిన్‌ను ఎక్కువగా పంది పేగుల నుండి తీస్తారని తెలిసి కొందరు వెనుకాడుతున్నారు. ప్రత్యామ్నాయం ఉన్నదేమో అడగవచ్చు. లేనిచోట ప్రాణరక్షణకై అగత్యపు వెసులుబాటు ఉన్నదని పలువురు ఉలమాలు చెబుతున్నారు.

పై అధ్యయనంలో సంచి మూయించుకొన్నవారిలోనూ అత్యధికులు రక్తాన్ని పలుచబరిచే మందులు వాడుతూనే ఉన్నారు. కనుక లయ కుదిరినదని ఆ మాత్రలను సొంతంగా మానరాదు. రోజుకు రెండు మాత్రలు వేసుకొనేవారు వాటిని సహరీ, ఇఫ్తార్ వేళలకు మార్చుకోవచ్చునా అన్నది షాబాన్ నెలలోనే డాక్టరును అడిగి ఉంచుకోవాలి.